కళాయి వదలని రాగి

ఎవరైనా నా ముందు ఏదైనా వెలిగించి చూపిస్తే నేను మంట చూడను. ముందు వాసన చూస్తాను. ఈ అలవాటు నాకు ఖమ్మంలో పట్టింది.

డెబ్భైల మధ్యలో, విలేకరిగా చేరిన కొత్తలో, బస్టాండు వెనక ఒకాయన నీళ్ళతో దీపం వెలిగిస్తున్నాడని తెలిసి వెళ్ళాను. ఆయన ఇత్తడి చెంబులో బావినీళ్ళు పోసి మూత బిగించాడు. మూతకున్న సన్నటి గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీయగానే జానెడు మంట లేచింది. చుట్టూ ఉన్నవాళ్ళు దండం పెట్టారు. నేను దండం పెట్టలేదు గానీ అంతకంటే పెద్ద పొరపాటు చేశాను. నీళ్ళతో దీపం వెలిగింది అని వార్త రాశాను.

వార్త అచ్చయిన మూడోరోజు వెల్డింగ్ షాపు అతనొకడు వచ్చి నా బల్ల మీద బూడిదరంగు రాయి పెట్టాడు. దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు వేస్తే రాయి బుసకొట్టింది. గదంతా కుళ్ళిన వెల్లుల్లి వాసన. అది కార్బైడు. మామిడికాయలు మాగబెట్టడానికి మా జిల్లాలో ఏ మండీకి పోయినా దొరికే రాయి.

"చెంబు అడుగున గిదే ఉంటదన్నా. చెంబు బోర్లిచ్చి సూడలేదా?" అన్నాడు.

హైదరాబాదు డెస్కులో ఉన్న పెద్దాయన నన్ను తిట్టలేదు. "వెలిగింది అని రాశావు. వెలిగిందట అని రాసుంటే బతికిపోయేవాళ్ళం," అని ఫోను పెట్టేశాడు.

ఆ 'ట'ను నేను మరిచిపోలేదు. ఒక్క అక్షరం. దాని వెనక నిలబడితే ఏ రాయీ తగలదు. తర్వాత పదిహేనేళ్ళు ఎక్కడ ఏ విచిత్రం కనిపించినా, విగ్రహం కన్నీరు కార్చినా, వైరా చెరువులో ఎవరికో వింత చేప పడినా, వాక్యం చివర ఆ అక్షరం తగిలించి చేతులు దులుపుకునేవాణ్ణి.

ఎనభైల చివరికి నన్ను భద్రాచలం దారిలోని ఊళ్ళ వార్తలు చూడమన్నారు. అడవి మొదలయ్యే చోట ఒక మోస్తరు ఊళ్ళో గది కిరాయికి తీసుకున్నాను. పొద్దున టీ బండి దగ్గర కూర్చుంటే సగం వార్తలు అక్కడే వచ్చేవి. అట్లా ఒక మే నెల పొద్దున విన్నదే ఈ సంగతి. ఊళ్ళోని కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ సోడా బుడ్డీలో పట్టే గ్యాసులోంచి పొయ్యి గ్యాసు తీస్తున్నాడు.

"బూడిదను మళ్ళ కట్టెలు జేస్తడంట సారు," అన్నాడు టీ బండి అతను. "ఆ ఇకమతు నాకు జెప్తే ఈ పొయ్యికి బాధే ఉండకపోవు."

అందరూ నవ్వారు. నేను వెంటనే బయలుదేరాను. నవ్వే వార్తలకు మా పేపరులో మంచి చోటు ఉండేది.

లెక్చరర్‌కు నలభై దాటి ఉంటాయి. వాళ్ళ తాతలు కోస్తా నుంచి సత్తుపల్లి పక్కకు వచ్చి పొలాలు కొనుక్కున్న రైతులు. ఆయన మాటలో ఆ మెత్తదనం ఇంకా ఉండేది. నేను పత్రిక మనిషినని చెప్పగానే సంతోషపడలేదు, కంగారూ పడలేదు. కాలేజీకి సెలవులు. లేబొరేటరీ వెనక, విరిగిన బల్లలు పడేసే చిన్న గది తాళం తీసి లోపలికి రమ్మన్నాడు.

గోడకు ఒక చెక్క, చెక్కకు వరసగా మేకులు, ఒక్కో మేకుకు అరచేతిలో సగముండే లోహపు రేకు వేలాడుతోంది. ఒక్కోదానికి దారంతో చీటీ. ఇనుము, జింకు, సీసం, ఇత్తడి. వెండి రేకు పాత మొలతాడు సాగగొట్టి చేయించిందట. రాగి రేకులు మాత్రం ఆరేడు. కింద బల్ల మీద ఊరగాయ జాడీ అంత గాజు జాడీలో వంటసోడా నీళ్ళు. వాటి మధ్యలో పూత లేని చిన్న మట్టికుండ, కుండలో టార్చి బ్యాటరీల్లోంచి తీసిన నల్లటి కడ్డీలు. బ్యాటరీలు ఛార్జి చేసే షాపు నుంచి తెచ్చిన పాత పెట్టె ఒకటి, బస్టాండు దగ్గరి సోడా షాపులో అడిగి తెచ్చుకున్న గ్యాసు సిలిండరు ఒకటి. జాడీ చుట్టూ బేసిన్లో ఐసు ముక్కలు.

ఆయన నెమ్మదిగా చెప్పాడు. బొగ్గు కాలినా, కట్టె కాలినా, మనం ఊపిరి వదిలినా వచ్చేది బొగ్గుపులుసు వాయువే. సోడాలో నింపేదీ అదే. అది కాలిపోయిన సరుకు, మళ్ళీ కాలదు. దాన్ని కాలేదిగా మార్చాలంటే దాంట్లోకి మళ్ళీ బలం ఎక్కించాలి. ఆ బలం కరెంటు ఇస్తుంది.

"కానీ కరెంటుకు బలమే ఉంటుందండి, తెలివి ఉండదు," అన్నాడు. "ఏం తయారవ్వాలో చెప్పేది ఈ రేకు. ఇనుము పెడితే నీళ్ళు విడిపోయి ఉత్త హైడ్రోజన్ వస్తుంది. జింకు పెడితే ఇంకోటి, సీసం పెడితే ఇంకోటి. పొయ్యిలో మండే గ్యాసు ఇచ్చేది రాగి ఒక్కటే. ఎందుకో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలీదు."

జపాన్‌లో ఎవరో చేశారని రెండేళ్ళ కిందట హైదరాబాదు లైబ్రరీలో చదివాడట. అప్పటి నుంచీ ఇదే పని. రాగిలో ఇంకో లోహాన్ని ఎంత కలిపితే ఏ గ్యాసు ఎక్కువ వస్తుందో చూసి, కావలసిన రేకును కావలసినట్టు తయారు చేయాలని ఆయన ఆశ. అయితే ఆ గది వచ్చే నెలలో పోయేటట్టుంది. పరీక్ష కాగితాలు దాచడానికి కావాలని ప్రిన్సిపాల్ అడుగుతున్నాడు. కాలేజీ తెరిచేలోపు యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకాయన చూసిపోతాడు. ఆయన ఎదుట మంట నిలిస్తే గది ఉంచమని పైకి రాస్తానని ప్రిన్సిపాల్ మాట ఇచ్చాడు. లేకపోతే తాళం చెవి అప్పగించాలి. ఇంట్లో చేసుకుందామంటే కిరాయి ఇల్లు. సిలిండరు చూడగానే ఇంటాయన గుమ్మంలోనే ఆపేశాడట.

పొద్దంతా గ్యాసు పట్టాడు. దవాఖానా నుంచి తెచ్చిన సెలైన్ సీసాను నీళ్ళలో బోర్లించి, రాగిరేకు మీదినుంచి లేచే బుడగలను అందులోకి మళ్ళించాడు. గంటన్నరకు సీసా నిండింది. దానికి ఇంజెక్షన్ సూది తగిలించి అగ్గిపుల్ల చూపించాడు. సూది చివర పెసరగింజంత మంట నిలిచింది. కొస పసుపుపచ్చగా ఉంది.

నేను ముందుకు వంగి వాసన చూశాను. వెల్లుల్లి వాసన లేదు.

"గాజు గొట్టం కాకుండా సూది ఎందుకు పెట్టారు?" అని అడిగాను.

"గాజులోని ఉప్పుకే మంట పసుపు తిరుగుతుందండి. మీలాంటివాళ్ళు అనుమానిస్తారని సూది పెట్టాను."

ఆ జవాబుతో నా అనుమానం తగ్గకపోగా పెరిగింది. అనుమానానికి ముందే సిద్ధమై కూర్చున్నవాణ్ణి ఎట్లా నమ్మాలి? సోడా గ్యాసు ఆపేసి మళ్ళీ చేయమన్నాను. ఆయన సిలిండరు కట్టేసి నీళ్ళు మార్చాడు. మళ్ళీ గంటకు పైగా కూర్చున్నాం. ఈసారి మంట కంటికి కనిపించలేదు. సూది మొన ఎర్రబడితేనే మండుతోందని తెలిసింది. అది ఉత్త హైడ్రోజన్ అని, రంగు ఇచ్చేది సోడా గ్యాసులోంచి వచ్చిందేనని ఆయన చెప్పాడు.

అంతా బాగానే ఉంది. అయితే వచ్చేటప్పుడు లేబొరేటరీ అలమారాలో ఒక గాజు జాడీ కనిపించింది. చీటీ మీద కార్బైడు అని రాసి ఉంది. ఏ కాలేజీలోనైనా ఉంటుంది, పిల్లలకు ప్రయోగం చూపించడానికి. ఆయన గది తాళం వేస్తుంటే నేను జేబులోని పెన్సిలు తీసి, రాళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడ చీటీ మీద సన్నగా గీత గీశాను.

ఆ రోజు వార్త రాయలేదు. ఇంకోసారి చూడాలనుకున్నాను.

పది రోజులకు మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు గదిలో అటెండరు కూడా ఉన్నాడు. యాభై దాటిన మనిషి, దుమ్ముగూడెం అవతల అడవిలోని కోయ పల్లె నుంచి వచ్చి ఆ కాలేజీలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. జాడీలు కడగడం, నీళ్ళు మోయడం, ఐసు తేవడం అతని వంతు. పాత రాగిరేకులన్నీ నల్లబడి పనికి రాకుండా పోయాయని, ఖమ్మం పోయి కొత్తది తెచ్చింది కూడా అతనే. కొత్త రేకు అద్దంలా మెరుస్తోంది.

నేను గదిలోకి పోయే ముందు అలమారా చూశాను. కార్బైడు నా గీత కంటే వేలెడు దిగింది. సెలవుల్లో పిల్లలు లేరు, ప్రయోగాలు లేవు. ఎవరు వాడినట్టు?

ఆ రోజు నేను కుర్చీని గుమ్మం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. అక్కడి నుంచి జాడీ, సిలిండరు, లెక్చరర్ రెండు చేతులూ కనిపిస్తాయి. మంచినీళ్ళకు కూడా లేవలేదు. గంటన్నర దాటినా సీసా సగమే నిండింది. సూదికి అగ్గి చూపిస్తే మొన ఎర్రబడింది గానీ మంటకు రంగు రాలేదు.

లెక్చరర్ ఐసు మార్చాడు, నీళ్ళు మార్చాడు, తీగలు గీకాడు. సాయంత్రం దాకా చేసినా అంతే. చివరికి జాడీ వంక చూస్తూ తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "కరెంటు ఎప్పటిలాగే పోయింది. గ్యాసేమో సగమే వచ్చింది. మిగతాది ఎక్కడికి పోయినట్టు?"

నాకైతే అంతా అర్థమైపోయింది. పోయినసారి నేను పక్కకు చూసినప్పుడు సీసాలోకి కార్బైడు గ్యాసు ఎక్కించాడు. ఈసారికీ రాయి తీసి పెట్టుకున్నాడు గానీ నా కళ్ళు తప్పించుకోలేకపోయాడు, మంట రంగు పోయింది. పెద్దగా బాధ కూడా అనిపించలేదు. పదిహేనేళ్ళ కిందటి చెంబును ఇప్పుడు బోర్లించాను అన్న తృప్తి, అంతే. గదికి పోయి వార్త చిత్తుప్రతి రాసుకున్నాను. శీర్షిక కూడా కుదిరింది. పంపే ముందు ఒక్కటే మిగిలింది. కార్బైడు సంగతి ఎవరి నోటైనా చెప్పించాలి.

మర్నాడు పొద్దున్నే కాలేజీకి పోయాను. లెక్చరర్ ఇంకా రాలేదు. వెనక వసారాలో అటెండరు ఒక్కడే జాడీలు కడగడానికి కూర్చున్నాడు. చుట్టూ తిప్పకుండా అడిగాను. గీత గీసిన సంగతి కూడా చెప్పాను. అతని ముఖం వాడిపోయింది.

"నేనే తీసిన సార్," అన్నాడు చేతిలోని జాడీ కింద పెట్టి. "మామిడికాయలల్ల ఏసిన. మా బిడ్డ ఇంటికి పంపేటియి, జల్దీ మాగుతయని. పిడికెడే తీసిన. సార్‌కు జెప్పకుండ్రి."

నేను నమ్మలేదు. యజమానిని కాపాడటానికి నేరం నెత్తిన వేసుకునేవాళ్ళను కోర్టు వార్తల్లో చాలామందిని చూశాను. మామిడికాయలు ఎక్కడున్నాయో చూపించమన్నాను. అతను లేచి మూల గదిలోకి తీసుకుపోయాడు. గడ్డి కప్పిన గంప. గడ్డి తీస్తే గుప్పున కొట్టింది, నాకు బాగా తెలిసిన వెల్లుల్లి వాసన. కాగితం పొట్లంలో సగం పొడి అయిపోయిన రాయి. పది రోజులుగా కట్టుకున్న నా కథ ఒక్కసారిగా కూలిపోయింది. నాకు సంతోషం కలగాలి గానీ కలగలేదు.

మళ్ళీ వసారాలోకి వచ్చి అతను పని మొదలుపెట్టాడు. అవమానం వల్ల నా వంక చూడటం లేదు. లేబొరేటరీ పద్ధతి ప్రకారం జాడీలను ముందు కొంచెం యాసిడ్‌తో కడుగుతారు. నిన్నటి నీళ్ళు అడుగున ఉండగానే అతను యాసిడ్ పోశాడు. అది బుస్సున పొంగింది. అతను జాడీని ముఖానికి దూరంగా పట్టుకుని ఆగిపోయాడు. మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఏంది?" అన్నాను.

"ఎర్రచీమల వాసన సార్."

మామిడిచెట్ల మీద ఆకులు కుట్టుకుని గూడు కట్టే చీమలు. వాటిని అరచేతిలో నలిపితే ముక్కు తెరుచుకునేంత పుల్లటి ఘాటు వస్తుంది. వాళ్ళ ఊళ్ళో పడిశం పడితే అట్లాగే నలిపి పీలుస్తారట. చిన్నప్పటి నుంచీ ఎరిగిన వాసన, పొరపడనన్నాడు. "పోయినసారి రేకుతోని జేసినప్పుడు గూడ నేనే కడిగిన. అప్పుడు గిట్ల రాలే."

నేనూ వాసన చూశాను. నాకు ఘాటు తెలిసింది గానీ చీమ తెలియలేదు. మాట మార్చడానికి అంటున్నాడేమో అని కూడా అనుకున్నాను. అయినా అలవాటు కొద్దీ నోటుబుక్కులో రాసుకున్నాను.

లెక్చరర్ రాగానే నేనే ఆ మాట చెప్పాను, కొంచెం వెటకారంగానే. మీ జాడీలో చీమలు పడ్డాయట అన్నాను. ఆయన నవ్వలేదు. చెప్పు విప్పబోయినవాడు విప్పకుండానే లోపలికి పోయి, జాడీ ఎత్తి వాసన చూసి, అటెండరు వైపు తిరిగాడు.

"ఏ చీమలన్నావ్?"

"ఎర్రచీమలు సార్. చెట్టుమీదియి."

"రేకు ఎక్కడ కోయించావ్? కొత్త రేకేనా?"

అటెండరుకు తెలియదు. కంచరి షాపులో ఇచ్చింది తెచ్చాడు. లెక్చరర్ కుర్చీలో కూర్చుని నాకు చెప్పాడు. చీమలో ఉండే పులుపుకు పుస్తకాల్లో ఒక పేరుంది. సీసం రేకు పెడితే సోడా గ్యాసు మంటగా మారదు, సరిగ్గా ఆ పులుపుగా మారి నీళ్ళలోనే ఉండిపోతుంది. అందుకే నిన్న గ్యాసు సగమే వచ్చింది. మిగతాది ఎక్కడికీ పోలేదు, జాడీలోనే ఉంది. రాగి ఆ పని చేయదు. అంటే నిన్న ఆ జాడీలో ఉన్నది రాగి ఒక్కటే కాదు.

"నేను చెబితే మీరు నమ్మరు," అన్నాడు. "మీరే ఖమ్మం వెళ్ళి అడగండి. వచ్చేటప్పుడు కొత్త రేకు మీరే తీసుకురండి. నేను తాకను."

నేను నమ్మలేదన్న సంగతి ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసు. పెన్సిలు గీత కూడా చూసే ఉంటాడని ఇప్పుడు అనిపిస్తుంది.

మరుసటి రోజు పొద్దుటి బస్సుకు ఆ రేకు పట్టుకుని ఖమ్మం పోయాను. కంచరి ముసలాయన రేకు చూడగానే గుర్తుపట్టాడు.

"కొత్త రేకు లేకుండె సారు. పాత డేగ్ అడుగు కోసి ఇచ్చిన," అన్నాడు. దావతులకు బిర్యానీ వండే పెద్ద రాగి గిన్నె. చిల్లుపడితే ఎవరో అమ్మిపోయారు. వంట రాగిగిన్నె కాబట్టి లోపల కళాయి ఉంటుంది. కళాయి లేకుండా ఎవరూ అందులో పులుసు వండరు, కళాయి పోతే వీధిలో కళాయి పూసేవాడి కేక వినపడగానే మళ్ళీ పూయిస్తారు. ఆ డేగ్‌కు ఎన్నిసార్లు పూశారో లెక్కలేదు. ముసలాయన తన పని మీద మాట పడుతుందేమోనని గట్టిగానే చెప్పాడు. "కళాయి మొత్తం గీకిన. అద్దం లెక్క జేసి ఇచ్చిన."

"మరి అంతా పోయినట్టేనా?"

ఆయన నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూశాడు. "పైది పోతది. లోపలికి పట్టింది ఏడికి పోతది? రాగి కళాయిని తాగుతది సారు."

కళాయి అంటే తగరం. సీసానికి చుట్టం లాంటిది, అదే పని చేస్తుంది అని లెక్చరర్ తర్వాత చెప్పాడు. ఇంకెక్కడైనా అయితే రాగి రేకు అడిగితే రాగి రేకే వస్తుంది. మా దిక్కున వంట చేసిన రాగి ఏదైనా ఏదో ఒకనాడు కళాయి తాగే ఉంటుంది. రెండేళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషికి ఆ ఆలోచన రాలేదు. నాకు అసలే రాలేదు.

ముసలాయన దగ్గర ఎప్పుడూ వంటకు పోని రాగి వెతికించాను. చివరికి కరెంటు పనికి వాడే కొత్త పట్టీ ఒకటి దొరికితే సాగగొట్టించి, నా ముందే కోయించాను. రేకు మూలన మేకుతో గుర్తు పెట్టి, మా పేపర్లోనే చుట్టి, సంచిలో పెట్టుకున్నాను. ప్రొఫెసర్ వచ్చేదాకా నా గదిలోనే ఉంచాను. ఎవరికీ చూపించలేదు.

ప్రొఫెసర్ వచ్చిన రోజు ప్రిన్సిపాల్ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను పేపరు విప్పి, గుర్తు చూసుకుని, రేకును నా చేత్తోనే తీగకు తగిలించాను. గంటన్నరకు సీసా నిండింది. సూది చివర మంట, కొసన పసుపు. ప్రొఫెసర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. నేను అడిగిందే అడిగాడు, సోడా గ్యాసు ఆపమని. ఆపి చేస్తే రంగు పోయింది. తర్వాత లెక్చరర్ తనంతట తానే డేగ్ రేకు తగిలించి, ఆ నీళ్ళు చూపించి, జరిగిన పొరపాటు మొత్తం చెప్పాడు. రాగికి కళాయి ఎంత పట్టిస్తే మంట ఎంత తగ్గి పులుపు ఎంత పెరుగుతుందో కొలిస్తే, కావలసింది చేసే రేకు తయారు చేయవచ్చన్నాడు. అందుకు ఆ గది ఇంకో ఏడాది కావాలన్నాడు.

"చీమ పులుపని మొదట ఎవరు పట్టుకున్నారు?" అని ప్రొఫెసర్ అడిగాడు.

లెక్చరర్ అటెండరును చూపించాడు. ప్రొఫెసర్ అతని వంక ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. కార్బైడు గురించి అడిగిన రోజు నేనూ అతని వంక అట్లాగే చూశాను.

వెళ్ళేముందు ప్రొఫెసర్ బాగుంది అన్నాడు, ఉత్తరం రాస్తానన్నాడు. ఉత్తరం వచ్చేసరికి ఆలస్యం కావచ్చని, పేపర్లో వార్త వస్తే దాన్నే జతచేసి పై ఆఫీసుకు గది సంగతి రాస్తానని ప్రిన్సిపాల్ నాతో అన్నాడు. లెక్చరర్ ఆ మాట విన్నాడు. నన్ను ఏమీ అడగలేదు.

నా గదికి వచ్చి కూర్చున్నాను. రేకు నేను తెచ్చింది, గుర్తు నేను పెట్టింది, తగిలించింది నేను. మంట నా కళ్ళముందు వెలిగింది. ఆ వాక్యం రాయడానికి అరగంట పట్టింది. సోడా షాపు గ్యాసు నుంచి ఇంధనం తయారు చేసినట్టు స్థానిక లెక్చరర్ ఒకరు చూపించారని, ప్రొఫెసర్ సమక్షంలో మంట వెలిగింది అని రాశాను. కవరులో పెట్టాను. సిలిండరు లోపల ఏముందో నేను చూడలేదు కదా అనిపించింది. సోడా షాపు అతనికీ లెక్చరర్‌కూ స్నేహం. వంటసోడా పొట్లం ఎవరు తెచ్చారు? కవరు మళ్ళీ తెరిచాను.

నాలుగో రోజు వార్త వచ్చింది. లోపలి పేజీలో, కింద, చిన్న పెట్టెలో.

ఆ పొద్దున అటెండరు పేపరు పట్టుకుని టీ బండి దగ్గరికే వచ్చాడు. అతనికి చదువు వచ్చు. వేలు పెట్టి చూపించాడు.

"వెలిగిందట అని ఉందేంది సార్? మీరు గూడ ఆడనే ఉంటిరి గద."

"డెస్కువాళ్ళు మార్చారు," అన్నాను.

అవ్ అని తల ఊపి, పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నమ్మాడు. ఈ మొత్తం వ్యవహారంలో అబద్ధం ఆడింది నేనొక్కణ్ణే.

ప్రిన్సిపాల్ మాట తప్పలేదు. వార్త కత్తిరించి జతచేసి పంపాడు. నెల దాటాక ఫైలు తిరిగి వస్తే నన్ను పిలిచి చూపించాడు. నా వార్తలో ఒక్క అక్షరం కింద ఎవరో ఎర్రసిరాతో గీత గీశారు. పక్కన ఏమీ రాయలేదు. గదిని పరీక్ష కాగితాలకు వాడుకోవాలని మాత్రం వేరే కాగితం మీద ఉంది. ప్రొఫెసర్ ఉత్తరం ఇంకా రాలేదు. వచ్చిందో లేదో నాకు తర్వాత కూడా తెలియలేదు.

గది ఖాళీ చేసిన రోజు నేను వెళ్ళాను. గోడ చెక్క నుంచి రేకులన్నీ తీసి లెక్చరర్ ఒక సంచిలో వేసుకున్నాడు, చీటీలతో సహా. సిలిండరును అటెండరు సైకిలు మీద కట్టి బస్టాండు దాకా నడిపించుకుపోతుంటే మేమిద్దరం వెనక నడిచాం. వార్త గురించి ఆయన ఎత్తుతాడేమో, ఎత్తితే అదే అబద్ధం ఈయనకూ చెప్పాలేమో అని దారి పొడుగునా అనుకున్నాను. ఆయన రేకుల గురించే మాట్లాడాడు. ఇంకో కాలేజీలో ఎవరైనా చోటిస్తారేమో చూడాలన్నాడు.

సిలిండరు అప్పగించాక సోడా షాపు అతను ముగ్గురికీ సోడాలు కొట్టి ఇచ్చాడు. గోలీ కిందికి జారి సీసా కీచుమంది. నేను సీసా పట్టుకుని ఆగాను.

"తాగండి," అన్నాడు లెక్చరర్. "ఇందులో నేనేమీ కలపలేదు లెండి."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. అయినా సీసా నోటి దగ్గర పెట్టుకునే ముందు నా ముక్కు దాని మీదికి వంగింది. ఆయన అది చూసి, ముఖం పక్కకు తిప్పుకుని తన సోడా తాగాడు.